నాన్న వాచీ 'గుండె లయ తప్పింది' అంటోంది. ఎంతవరకు నమ్మాలి?

రెండోవాడు
సోమవారం, ఉదయం 9:20

అందరికీ నమస్కారం. ఏళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ని, రాయడం ఇదే మొదటిసారి.

నాన్నకి 67 ఏళ్లు. బీపీ, షుగర్ లేవనే చెబుతారు. చూపించుకుని ఎన్నాళ్లయిందో మాత్రం చెప్పరు. నెలన్నర కిందట ఆయనకో స్మార్ట్ వాచీ కొనిపెట్టాను. మొదట్లో "చేతికి ఈ బేడీ ఏంట్రా" అని గొణిగారు. వారం తిరిగేసరికి ఎవరొచ్చినా చెయ్యి చాపి అంకెలు చూపించడం మొదలుపెట్టారు. ఆ యాప్ నా ఫోన్‌లోనూ ఉంది.

నిన్న రాత్రి 2:10కి 'గుండె లయ క్రమంగా లేని సూచనలు కనిపించాయి, డాక్టర్‌తో మాట్లాడండి' అని వచ్చింది. పొద్దున లేచాక చూసుకున్నాను. ఫోన్ చేస్తే నాన్న మొక్కలకి నీళ్లు పడుతున్నారు. ఆయనకేమీ తెలియలేదట, హాయిగా పడుకున్నారట. అమ్మకి మాత్రం అప్పటినుంచి టెన్షన్. పది నిమిషాలకోసారి ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది.

ఇది వాచీ తప్పా, నిజంగానే ఏమైనా ఉందా? ఇవాళే పరిగెత్తాలా, రెండు రోజులు ఆగొచ్చా? ఇంకో మాట, రాత్రి ఆక్సిజన్ ఒకసారి 89 చూపించింది. రెండూ కలిపి చూసేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

అనుమానం_అప్పారావు
సోమవారం, ఉదయం 9:31

వాచీ తీసేయండి, లయ కుదురుకుంటుంది. మా పెద్దవాళ్లు గుండె ఒకటుందన్న ధ్యాసే లేకుండా బతికేశారు. ఇప్పుడు ఒంటికో మిషన్ కట్టుకోవడం, అదేమంటుందా అని దాని మొహంకేసి చూడటం.

ఈసీజీ_కాగితం
సోమవారం, ఉదయం 10:05

అప్పారావు గారూ, అలా తెలియకుండానే పోయినవాళ్లూ ఉన్నారు లెండి.

రెండోవాడు గారూ, నేను గుండె విభాగంలో టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాదు. పద్నాలుగేళ్లుగా ఈసీజీలు తీస్తున్నాను. ముందు ఇది చూడండి. ఛాతీలో నొప్పి లేదా బరువు, ఆయాసం, కళ్లు తిరగడం, మాట ముద్దగా రావడం, మూతి ఒక పక్కకి పోవడం, ఒక చెయ్యి పట్టు తప్పడం. వీటిలో ఏ ఒక్కటున్నా ఇది చదవడం ఆపి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, వాచీ ఏమన్నా సరే, ఏమీ అనకపోయినా సరే. ఇవేవీ లేకపోతే ఇవాళో రేపో వెళ్లి ఈసీజీ తీయించండి. పరిగెత్తక్కర్లేదు, అలాగని వదిలేయడానికీ లేదు.

వాచీ అనుమానిస్తున్నది ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ని. గుండె పై గదులు ఒక పద్ధతిగా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. లోపల రక్తం నిలిచి గడ్డ కట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. ఇది ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు దాదాపు అయిదు రెట్లు ఎక్కువ. చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు. మీ నాన్నగారు హాయిగా పడుకున్నారన్నది శుభవార్తే కానీ సాక్ష్యం మాత్రం కాదు.

ఎంత నమ్మొచ్చు అన్నారు కదా. స్టాన్‌ఫర్డ్ వాళ్లు యాపిల్ వాచీతో చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. 4,19,297 మంది మీద చేశారు. ఇలాంటి హెచ్చరిక వచ్చింది 0.52 శాతానికే, అంటే దాదాపు రెండొందల మందిలో ఒకరికి. 65 దాటినవాళ్లలో 3.1 శాతానికి. హెచ్చరిక వచ్చినవాళ్లకి ఛాతీకి అంటించుకునే ఈసీజీ ప్యాచ్ పంపారు. ప్యాచ్ వాడి తిరిగి పంపినవాళ్లలో 34 శాతానికే ఈ జబ్బు దొరికింది. మిగతావాళ్ల విషయంలో వాచీ బొంకిందని అనుకోవద్దు. ప్యాచ్ అంటించుకునేసరికి రోజులు గడిచిపోయాయి, ఈ లయేమో వచ్చిపోయే చుట్టం. ప్యాచ్, వాచీ రెండూ ఒంటిమీద ఉండగా వాచీ మళ్లీ హెచ్చరించినప్పుడు, 84 శాతం సార్లు ప్యాచ్ కూడా అవుననే చెప్పింది.

కోడ్‌కూలీ
సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను మూడేళ్లు ఒక చేతిపట్టీల కంపెనీలో సెన్సర్ సాఫ్ట్‌వేర్ రాశాను. పేరు అడక్కండి.

వాచీ తిప్పి వెనక చూస్తే పచ్చగా మెరిసే లైట్లుంటాయి. రక్తం మనకి ఎర్రగా కనిపిస్తోందంటే పచ్చ కాంతిని మింగేస్తోందనే కదా. గుండె కొట్టిన ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పొంగుతుంది. అప్పుడు ఇంకాస్త పచ్చ కాంతిని మింగుతుంది, వెనక్కి తిరిగొచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. ఆ తగ్గుదలలు నిమిషానికెన్నో లెక్కేస్తే పల్స్. ఒక తగ్గుదలకీ ఇంకో తగ్గుదలకీ మధ్య ఎడం ఇష్టమొచ్చినట్టు మారుతుంటే, లయ బాగాలేదన్న అనుమానం. వాచీకి గుండె కనబడదు, చర్మం మీద పడే నీడ కనబడుతుందంతే.

ఆ నీడ ఎంత చిన్నదంటే, చెయ్యి ఆడిస్తే వచ్చే అలజడి దాన్ని మింగేస్తుంది. కదలికని కొలిచే సెన్సర్ ఇంకోటి పక్కనే ఉంటుంది, దాని లెక్క తీసుకుని అలజడిని తీసేయడానికి చూస్తాం. ఒక్కోసారి బెడిసికొడుతుంది. నిమిషానికి 160 అడుగుల చొప్పున పరిగెడుతుంటే పల్స్ కూడా సరిగ్గా 160 అని చూపిస్తుంది. అడుగుల్నే గుండె చప్పుడనుకుంటుందన్నమాట. మా దగ్గర ఒకసారి చుట్టి పెట్టిన తువ్వాలుకి పట్టీ కట్టి చూశాం. 78 చూపించింది, నిలకడగా. ఆ తువ్వాలుకి పేరు కూడా పెట్టుకున్నాం. మీటింగులో చూపిస్తే పైవాళ్లెవరూ నవ్వలేదు.

అందుకే లయ పరీక్ష చెయ్యి కదలనప్పుడే జరుగుతుంది. మీ నాన్నగారికి రాత్రి రెండింటికి రావడంలో వింతేమీ లేదు. పైగా ఒక్కసారి తేడా కనిపిస్తే చెప్పేయదు, మళ్లీ మళ్లీ చూసి ఎక్కువసార్లు తేడాగా ఉంటేనే చెబుతుంది. తువ్వాలు కథ విని దీన్ని కొట్టిపారేయకండి.

ఒకటి కనుక్కోండి. పట్టీ బిగుతుగా ఉందా? మణికట్టు ఎముక గుబ్బకి వేలెడు పైన ఉండాలి, చీకట్లో పచ్చ లైటు పక్కలనుంచి బయటికి కారకూడదు. ఆ చోట పచ్చబొట్టు ఉంటే ఇంకో చేతికి మార్చాలి. సిరా కూడా కాంతిని మింగుతుంది.

రాత్రిడ్యూటీ
సోమవారం, మధ్యాహ్నం 3:40

నేను నర్సుని. 89 గురించి చెబుతాను.

ఒక్క క్షణం 89కి పడి మళ్లీ 95, 96కి వచ్చిందా, లేక చాలాసేపు అక్కడే ఉందా? ఒక్కసారి పడటం చాలావరకు చెయ్యి ఒంటి కిందకి పోవడమో, చల్లబడటమో అయ్యుంటుంది. వేలికి పెట్టే మిషన్‌లో కాంతి వేలి ఇటునుంచి అటు దూరి వెళుతుంది. మణికట్టు దగ్గర ఆ వీలు లేదు, లోపలికి పోయి తిరిగొచ్చిన దాన్ని చూసి అంచనా వెయ్యాలి. పని కష్టం.

ఆ వేలి మిషన్‌ని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఎర్ర కాంతి, కంటికి కనబడని పరారుణ కాంతి, ఈ రెంటి నిష్పత్తిని బట్టి ఆక్సిజన్ లెక్కగట్టే ఉపాయం జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి 1970లలో కనిపెట్టింది. ఇప్పటికీ అదే వాడుతున్నాం. 2020 చివర్లో మిషిగన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు ఆస్పత్రి రోగుల లెక్కలు తీస్తే, నల్లజాతి రోగుల్లో నిజంగా ఆక్సిజన్ పడిపోయినా మిషన్ పట్టుకోలేకపోవడం తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, అదీ ప్రమాదం. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటివాళ్లం అంకె బాగుంది కదా అని ఆయాసాన్ని పక్కన పెట్టకూడదు.

మీ నాన్నగారు గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టయి గుప్పున మళ్లీ తీసుకుంటారా? పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తారా? రోజూ రాత్రి ఇలా పడిపోతుంటే నిద్ర పరీక్ష చేయించాలి. ఈ గురక జబ్బుకీ గుండె లయకీ చుట్టరికం ఉంది.

రెండోవాడు
సోమవారం, రాత్రి 8:10

అందరికీ చాలా థాంక్స్. ఛాతీనొప్పి, ఆయాసం ఏమీ లేవు. గురకా? పక్కింటివాళ్లని అడిగినా చెబుతారు.

పట్టీ విషయం అడిగితే "బిగిస్తే దురద, అందుకే రెండు చిల్లులు వదులు చేశాను" అన్నారు. వాచీ గాజులా జారుతూ తిరుగుతోందని అమ్మ చెప్పింది. 89 ఒక్కసారే, తర్వాత 96. ఈసీజీకి రేపు తీసుకెళ్తున్నాను.

ఇంకో చిన్న గొడవ. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తారు. గంట నడిచొచ్చినా వాచీ రెండు వేల అడుగులు కూడా చూపించదు. దాంతో ఆయనకి ఒళ్లు మండి, అంకె పూర్తి చేయడానికి సోఫాలో కూర్చుని చెయ్యి ఊపుతున్నారు. నేను కళ్లారా చూశాను.

పాదచారి
సోమవారం, రాత్రి 9:02

హహ్హ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. చెయ్యి ఊగితేనే వాచీకి అడుగు. తోపుడు బండి నెట్టుకెళ్లినా, కర్ర పట్టుకుని నడిచినా, చేతులు వెనక్కి కట్టుకున్నా తక్కువే చూపిస్తుంది. ఫోన్ ప్యాంటు జేబులో వేసుకోమనండి, తుంటి కదలిక ఫోన్‌కి తెలుస్తుంది.

రోజుకి పది వేల అడుగులు పూర్తి కాలేదని బెంగ పడొద్దని కూడా చెప్పండి. ఆ పది వేలు ఏ డాక్టరూ రాసిన చీటీ కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటర్ అమ్మకానికొచ్చింది, పేరు 'మాన్పో-కెయ్'. పది వేల అడుగుల మీటర్ అని అర్థం. గుండ్రటి అంకె, చెవికి ఇంపుగా ఉంది, ప్రపంచమంతా పట్టుకుంది.

2019లో హార్వర్డ్‌కి చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీలకి సెన్సర్లు కట్టి చూసింది. రోజుకి 2,700 అడుగుల దగ్గర ఉన్నవాళ్లతో పోలిస్తే 4,400 నడిచినవాళ్లలో నాలుగేళ్ల పైచిలుకు కాలంలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడుస్తారు కాబట్టి ఇదంతా నడక మహిమేనని నేననను. కానీ మీ నాన్నగారు సోఫాలో చెయ్యి ఊపే అవసరమైతే లేదు.

అనుమానం_అప్పారావు
సోమవారం, రాత్రి 9:40

చూశారా! నేను చెబితే మొరటు మాట, పరిశోధన చెబితే నిజం. ఇదీ వినండి. 2016లో అమెరికాలో బరువు తగ్గాలనుకునే 471 మందిని రెండు గుంపులు చేశారు. అందరికీ ఆహారం, వ్యాయామం సలహాలే. కొన్నాళ్లయ్యాక ఒక గుంపుకి మాత్రం ఒంటికి కట్టుకునే మిషన్ ఇచ్చారు. రెండేళ్ల తర్వాత మిషన్ లేనివాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గితే, మిషన్ ఉన్నవాళ్లు తగ్గింది 3.5 కిలోలు.

కోడ్‌కూలీ
సోమవారం, రాత్రి 10:12

అది నిజమే అప్పారావు గారూ, ఆ పరిశోధన వచ్చిన రోజు మా ఆఫీసులో ఎవరూ సరిగా భోజనం చెయ్యలేదు. ఎందుకలా అయిందో దాన్ని చేసినవాళ్లే గట్టిగా చెప్పలేదు. నా మటుకు నాకు కేలరీల అంకె మీదే అనుమానం. 2017లో స్టాన్‌ఫర్డ్‌లోనే 60 మందికి ఏడు రకాల పట్టీలు కట్టి చూశారు. పల్స్‌లో ఏడింట ఆరు 5 శాతం లోపు తేడాతో బాగానే చెప్పాయి. కేలరీల్లో అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పు, అధ్వాన్నమైనది 93 శాతం. 'ఇవాళ 600 కరిగించావు' అని చెబితే మనిషి ఏం చేస్తాడు? ఆ ధీమాతో ఇంకో ప్లేటు తింటాడు.

తీపిమనిషి
మంగళవారం, ఉదయం 6:30

షుగర్ సెన్సర్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను. నాకు పదకొండేళ్లుగా షుగర్. భుజం వెనక నాణెం అంత బిళ్ల అంటించుకుంటాను. దాని కింద వెంట్రుకలాంటి తీగ చర్మం కిందకి దిగుతుంది. రెండు వారాలుంటుంది, ఫోన్‌కి అంకెలు పంపుతూనే ఉంటుంది.

మొదటివారం జరిగింది చెబుతాను. రాత్రి రెండున్నరకి ఫోన్ కుయ్యోమంది. 54. మా ఆవిడ లైటు వేసి, నన్ను లేపి కూర్చోబెట్టి చక్కెర నీళ్లు తాగించేసింది. తీరా వేలు గుచ్చి చూస్తే 160. అందులో చక్కెర నీళ్ల వాటా ఎంతో దేవుడికే తెలియాలి. సంగతేంటంటే నేను ఆ చెయ్యి కింద పెట్టి పడుకున్నాను. బిళ్ల నొక్కుకుపోతే దాని చుట్టూ ద్రవం ఆడదు, అంకె పడిపోతుంది. అది కొలిచేది రక్తంలో షుగర్‌ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవంలో షుగర్‌ని. రక్తంలో మార్పు అక్కడికి చేరేసరికి 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది. షుగర్ వేగంగా ఎక్కుతున్నప్పుడో దిగుతున్నప్పుడో రెండు అంకెలూ కలవవు. ఒంట్లో ఒకలా ఉండి ఫోన్ ఇంకోలా చెబితే వేలు గుచ్చి చూడాల్సిందే. అలాగని నిజంగా చెమటలు పట్టి వణుకుతుంటే గుచ్చే మిషన్ కోసం వెతుకుతూ కూర్చోకూడదు, ముందు చక్కెర తీసుకోవాలి.

అప్పారావు గారు ఇక్కడితో ఆపి చదువుతారని తెలుసు. మిగతాది కూడా చదవండి. మూడు నెలలకోసారి వచ్చే సగటు అంకె ఎన్నేళ్లు చూసినా నాకు అర్థం కానిది, ఈ గీత వారంలో నేర్పింది. భోజనం కాగానే కూర్చుంటే గీత కొండెక్కుతుంది. అదే భోజనం, అంతే తిని, పావుగంట ఇంటి చుట్టూ తిరిగితే గుట్టలా వంగుతుంది. డాక్టర్ పదేళ్లుగా చెబుతున్న మాటే. చెవికి ఎక్కనిది కంటికి ఎక్కింది.

ఒక జాగ్రత్త. సూది లేకుండా, చర్మం గుచ్చకుండా వాచీతోనో ఉంగరంతోనో షుగర్ చూపిస్తామని అమ్మేవి కనిపిస్తే కొనకండి. అలా తమంతట తాము షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది.

నిద్రలేమి
మంగళవారం, మధ్యాహ్నం 12:25

నాది వేరే గోల. ఉంగరం పెట్టుకుని పడుకుంటే పొద్దున్నే నిద్రకి మార్కులేస్తుంది. 85 వచ్చిన రోజు హుషారు. 61 వచ్చిన రోజు, లేచినప్పుడు బాగానే ఉన్నా, మార్కు చూడగానే ఒళ్లు బరువెక్కేది. ఆఖరికి మంచి మార్కు రావాలన్న ఆరాటంతోనే నిద్ర పట్టడం మానేసింది. దీనికి పేరు కూడా ఉందట, ఆర్థోసోమ్నియా. 2017లో అమెరికా నిద్ర వైద్యులు పెట్టారు.

నిద్ర దశలు తేల్చాలంటే తలకి తీగలు అంటించి మెదడు తరంగాలు చూడాలి. ఉంగరానికి మెదడెక్కడ తెలుసు? కదలికనీ పల్స్‌నీ చూసి ఊహిస్తుంది. ఎంతసేపు పడుకున్నానన్నది కొంత నయం, 'గాఢనిద్ర 42 నిమిషాలు' లాంటివి మరీ పట్టించుకోకూడదు. ఇప్పుడు ఉంగరం అల్మారాలో ఉంది, నేను పడుకుంటున్నాను.

రెండోవాడు
మంగళవారం, సాయంత్రం 6:50

వెళ్లొచ్చాం. ఈసీజీ నార్మల్. అయిదు నిమిషాల్లో అయిపోయింది. వాచీలో వచ్చిన మెసేజ్ చూపించబోతే డాక్టర్ చూడను కూడా చూడలేదు. "ఇలాంటివి పట్టుకుని రోజుకి పదిమంది వస్తున్నారు, తీసి డ్రాయర్లో పెట్టండి" అన్నారు. అమ్మకి కాస్త ఊపిరొచ్చింది. నాకే ఏదోలా ఉంది. ఇంతటితో వదిలెయ్యొచ్చా?

ఈసీజీ_కాగితం
మంగళవారం, రాత్రి 8:30

ఆ డాక్టర్‌గారి విసుగు నేను అర్థం చేసుకోగలను. మా దగ్గరకీ పాతికేళ్ల పిల్లలు ఫోన్ పట్టుకుని వస్తుంటారు, కాఫీ తాగితే పల్స్ 104 అయిందని. కానీ 67 ఏళ్ల మనిషి, దానికితోడు గురక. ఇది ఆ కోవలోది కాదు.

మామూలు ఈసీజీ కాగితం మీద ఉండేది పది సెకన్ల గుండె. రోజుకి 86,400 సెకన్లు. రాత్రి రెండింటికి వచ్చి పోయినదాన్ని మధ్యాహ్నం పది సెకన్లలో వెతికాం, దొరకలేదు. దొరకలేదన్నదొక్కటే మనకి తెలిసింది. ఇందుకోసమే రోజంతా గుండెని రాసే మిషన్ కావాలని నార్మన్ హోల్టర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1940లలో తంటాలు పడ్డాడు. అతని మొదటి పరికరం దాదాపు 38 కిలోలు, మూటలా వీపుకి కట్టుకుని తిరగాలి. ఇప్పుడది మీ నాన్నగారి ఛాతీకి అంటించే బిళ్ల. ఒకటి రెండు వారాల ప్యాచ్ అడగండి. వేరే డాక్టర్ దగ్గరైనా సరే.

ఈలోగా, ఆ వాచీలో ఈసీజీ తీసే సౌకర్యం ఉంటే నేర్పించండి. బల్ల మీద చెయ్యి ఆనించి కూర్చోవాలి. వాచీ ఎడమ చేతికుంటే కుడి చేతి వేలు దాని పక్కనున్న మీట మీద ఆనించాలి, నొక్కకూడదు. 30 సెకన్లు మాట్లాడకూడదు, నవ్వకూడదు. దడగా అనిపించినప్పుడూ, హెచ్చరిక వచ్చినప్పుడూ వెంటనే తీస్తే ఆ కాగితం డాక్టర్‌కి పనికొస్తుంది. పచ్చ లైటుది ఊహ, ఇది నిజంగా గుండె విద్యుత్తు. కాకపోతే మేం పన్నెండు కోణాల నుంచి చూస్తాం, అది ఒక్క కోణం నుంచే చూస్తుంది. హార్ట్ ఎటాక్‌ని ఇది పట్టుకోలేదు, పెద్దక్షరాల్లో రాసి ఇంట్లో అంటించండి. ఛాతీ నొప్పి వచ్చినప్పుడు వాచీలో నార్మల్ వచ్చిందని ఇంట్లో కూర్చున్న మనిషిని నేను చూశాను. అదృష్టం బాగుండి బతికాడు.

వాచీ మాట మీద రక్తం పలచబడే మందులు ఎవరూ మొదలుపెట్టకూడదు, మొదలుపెట్టిన వాటిని ఆపకూడదు.

కోడ్‌కూలీ
మంగళవారం, రాత్రి 9:15

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. అయస్కాంతాలున్న ఫోన్‌నీ వాచీనీ ఛాతీ జేబుకి దూరంగా ఉంచండి, కనీసం 15 సెంటీమీటర్లు.

గోప్యం
బుధవారం, ఉదయం 11:00

ఒక విషయం ఎవరూ అడగలేదు. రెండోవాడు గారూ, మీ నాన్నగారి గుండె, నిద్ర, నడక మీ ఫోన్‌లో కనబడుతున్నాయి కదా, ఆయన్ని అడిగే పెట్టారా? కంపెనీ ఆ లెక్కల్ని ఎక్కడ దాస్తోందో, ఎవరికిస్తోందో చూశారా? 2018 జనవరిలో స్ట్రావా (పరుగు, సైకిల్ దారులు రాసిపెట్టే యాప్) గొడవ గుర్తుందా? జనం పరిగెత్తిన దారులన్నీ కలిపి అందమైన పటం వేస్తే, ఎడారుల మధ్య సైనిక స్థావరాలు గీతలు గీసినట్టు బయటపడ్డాయి. పేర్లు తీసేశాం అంటే సరిపోదు, మనం నడిచే దారే మన పేరు.

రెండోవాడు
బుధవారం, రాత్రి 9:20

అడగలేదండీ. సెటప్ చేసేటప్పుడు నేనే అన్నిటికీ సరే కొట్టేశాను. మీ పోస్టు చదివాక ఆయనకి నా ఫోన్ చూపించాను. కాసేపు చూసి, "అంటే నేను రాత్రి ఎన్నిసార్లు బాత్రూంకి లేచానో కూడా నీకు తెలుసన్నమాట" అన్నారు. కోపంగా కాదు, కొత్త మనిషిని చూసినట్టు చూశారు. నాకు తల తీసేసినట్టయింది.

చివరికి ఒప్పందం కుదిరింది. హెచ్చరికలు నాకొస్తాయి. నిద్ర, లొకేషన్ ఆయన దగ్గరే ఉంటాయి.

రాత్రిడ్యూటీ
బుధవారం, రాత్రి 11:48

మంచి పని చేశారు. ఆ ప్యాచ్ సంగతి మాత్రం మర్చిపోకండి.

రెండోవాడు
మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:30

ఆలస్యానికి క్షమించండి. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆమె వాచీ మెసేజ్ చూశారు, వాచీలో తీసిన మూడు ఈసీజీలూ చూశారు, 14 రోజుల ప్యాచ్ రాశారు. రిపోర్టు నిన్న వచ్చింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లేదు. మధ్యమధ్యలో అదనపు బీట్లు పడుతున్నాయట, రాత్రిపూట ఎక్కువ. ఆయన విషయంలో ఇప్పటికి మందు అక్కర్లేదన్నారు. వాచీ చెప్పిన 'క్రమంగా లేదు' నిజమే, దాని భయమే నిజం కాలేదు.

అసలు కథ అది కాదు. మొదటిరోజే ఆమె బీపీ చూస్తే 168/100. మళ్లీ చూశారు, 164/98. రెండో చేతికి కట్టినా అంతే. ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలియదు. ఆ వాచీ ఆయన పల్స్, అడుగులు, గురక, నిద్ర అన్నీ చెప్పింది, దీని గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. మందు మొదలైంది. నిద్ర పరీక్షకి వచ్చేవారం తేదీ ఇచ్చారు.

ఈసీజీ_కాగితం
శనివారం, సాయంత్రం 6:45

హమ్మయ్య. బీపీ పట్టుబడటం మాత్రం నిజంగా మంచిదైంది. లయ తప్పడానికీ పక్షవాతానికీ కూడా పెద్ద దారి అదే.

బీపీ చూపిస్తామనే వాచీలు కొన్ని ఉన్నాయి. గాలి నిండే పట్టీ లేకుండా పనిచేసేవాటిలో చాలావాటికి మామూలు బీపీ మిషన్‌తో అప్పుడప్పుడు సరిచూసి నేర్పాల్సిందే. అంటే మిషన్ ఎలాగూ కొనాలి. దండకి కట్టేదే కొనండి, మణికట్టుది వద్దు.

చూసే పద్ధతి ఇదీ. మూత్రానికి వెళ్లొచ్చి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అరగంట ముందు నుంచి కాఫీ, పొగ ఉండకూడదు. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి కూర్చోవాలి. మాట్లాడకూడదు. నిమిషం ఎడంతో రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, వారం రోజులు చూసి రాసిపెట్టండి. మొదటిరోజు అంకెలు తీసేసి సగటు కట్టి డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో చూసినప్పుడు 135/85 ఉందా, దాటిందా అన్నదే గీత.

రెండోవాడు
ఆదివారం, రాత్రి 8:05

మిషన్ వచ్చింది. నాన్న పాత డైరీ ఒకటి తీసి పెన్సిల్‌తో గళ్లు గీసుకున్నారు. యాప్‌లో వేద్దామంటే వద్దన్నారు, "ఇది నా లెక్క" అన్నారు. ఇవాళ పొద్దున 152/92, 148/90.

నడకకి మాత్రం ఫోన్ జేబులో వేసుకుని వెళుతున్నారు. చేతులు వెనకే. నిన్న 6,340 అట, నాకు ఆయనే ఫోన్ చేసి చెప్పారు.

అనుమానం_అప్పారావు
ఆదివారం, రాత్రి 9:10

శుభం. ఇంతకీ ఆ దండకి కట్టే మిషన్‌లో పట్టీ సైజులు ఉంటాయా? నా చెయ్యి కాస్త లావు. అడిగేది నా కోసం కాదు, ఊరికే.

ఈసీజీ_కాగితం
ఆదివారం, రాత్రి 9:22

ఉంటాయి అప్పారావు గారూ. మోచేతికీ భుజానికీ సరిగ్గా మధ్యలో టేపుతో చుట్టుకొలత చూసుకోండి, పట్టీ మీద ఎన్నినుంచి ఎన్ని సెంటీమీటర్లకో రాసి ఉంటుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కొలిచి ఇక్కడ రాయండి, ఏది తీసుకోవాలో చెబుతాను.